కొండ దారి: రమ్ దీవి మీద మీ ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీలో, స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఉన్న రమ్ దీవిలో అయిదుగురిని వెంటబెట్టుకుని నాలుగు రోజులు నడిచిన సంగతి రాశాను. గుడారాలు వీపున మోసుకుంటూ, పొద్దుగూకే వేళకు నీళ్లూ చదునూ ఉన్న చోట దిగుతూ సాగిన నడక అది. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నీ చదివాను. ఎక్కువమంది అడిగినవీ, ఒక్కరే అడిగినా జవాబు చెప్పి తీరాలనిపించినవీ ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: గ్లాస్గోలో చదువుకుంటున్నాం. శనివారం పొద్దున బయల్దేరి రమ్‌లో ఒక శిఖరం ఎక్కి, ఆదివారం రాత్రికి తిరిగి రాగలమా? అద్దె కారు తీసుకెళ్తే సమయం కలిసొస్తుందా?

జవాబు: ఆ ఆలోచన మానుకోండి. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి మాలేగ్ రేవుకు రైలులోనే అయిదు గంటలు దాటుతుంది. అక్కణ్నుంచి కాల్‌మాక్ వారి ఓడలో గంటంపావుకు పైనే. దారిలో వేరే దీవులకు కూడా వెళ్లే రోజైతే ఇంకా ఎక్కువ. వేసవిలో కూడా రమ్‌కు ప్రతిరోజూ ఓడ ఉండదు. సముద్రం బాగా లేచిందంటే ఉన్న ఓడా రాదు. సందర్శకుల కార్లను దీవిలోకి తీసుకెళ్లరు కాబట్టి కారు మాలేగ్‌లోనే ఆగిపోతుంది.

కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. దానిపైన ఇంకొక రోజు ఖాళీగా ఉంచుకోండి. ఆ ఖాళీ రోజుకు సరిపడా తిండి కూడా మూటలో ఉండాలి. దీవిలో ఊరంటే కిన్‌లాక్ ఒక్కటే, జనం కొద్ది పదుల మంది. చిన్న దుకాణం ఉంది కానీ అది ఊరివాళ్ల కోసం తెచ్చుకున్న సరుకు. మనం వెళ్లి ఖాళీ చేయడం బాగుండదు. తిరుగు ఓడ తప్పితే సోమవారం పరీక్ష ఉందన్న భయంతోనే మనుషులు పొంగే వాగులు దాటుతారు. మీ ప్రయాణంలో ఆ భయానికి చోటు లేకుండా చేసుకోండి.

ప్రశ్న: జూన్‌లో నలుగురు స్నేహితులం డబ్బు కట్టి గైడ్‌తో రమ్ వెళ్లాం. ఆస్కివల్ శిఖరం ఎక్కించి, శిఖరాల వరస మొత్తం నడిపించి, డిబిడిల్ లోయలో గుడారాలు వేయిస్తామన్నారు. రెండో రోజు హాలివల్ శిఖరం దాటి ఆస్కివల్ గట్టు మొదట్లోకి వచ్చాక గైడ్ ఆగిపోయి, ఇక వెనక్కి వెళ్దాం అన్నాడు. అప్పటికి చినుకైనా పడలేదు. మూడో రోజు డిబిడిల్ దారిలో పొంగిన ఒక వాగు దగ్గర మళ్లీ ఆపేశాడు. శిఖరమూ చూడలేదు, డిబిడిల్ కూడా చూడలేదు. డబ్బు వెనక్కి అడగడం న్యాయమేనా? (మాంచెస్టర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: శిఖరం దక్కలేదని డబ్బు అడగడం న్యాయం కాదు. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను. మీ గైడ్ వైపు కూడా ఒక లోటు ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఆస్కివల్ ఎత్తు 812 మీటర్లే. అంకె చూస్తే చిన్న కొండే. కానీ అక్కడ నడక సముద్రపు ఒడ్డు నుంచే మొదలవుతుంది, ఎక్కాల్సిందంతా మన కాళ్లే ఎక్కాలి. హాలివల్ నుంచి వచ్చే గట్టు చివర పినకిల్ అనే రాతి మెట్టు అడ్డుగా నిలబడి ఉంటుంది. సూటిగా వెళ్తే చేతులతో పట్టుకుని పాకాలి. తూర్పు పక్కగా తప్పించుకు వెళ్లే దారి ఉంది, దానికింద కూడా వాలు బాగా ఏటవాలే. రమ్ కొండల్లో ఎక్కువగా ఉండే పెరిడొటైట్ రాయి గరుకు కాగితంలా ఉంటుంది, తడిసినా బూటుకు పట్టు ఇస్తుంది. మధ్యమధ్యలో వచ్చే బసాల్ట్ మాత్రం తడిస్తే జారుతుంది. కొత్తవాళ్లకు ఈ రెండిటికీ తేడా పొడిగా ఉన్నప్పుడు తెలియదు.

ఇక లెక్క చూడండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ కొండనడక ఆయన చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ వాడతాం: గంటకు అయిదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. రమ్ శిఖరాల వరస అంతా చుట్టి కిన్‌లాక్‌కు రావాలంటే ఇరవై కిలోమీటర్లు దాటుతుంది, ఎక్కేది 1,800 మీటర్లకు తగ్గదు. కాగితం మీదే ఏడు గంటలు. అందులో భోజనం లేదు, విశ్రాంతి లేదు, వీపున గుడారం లేదు, రాళ్లమీద ఒకరి కోసం ఒకరు ఆగడం లేదు. నలుగురు కొత్తవాళ్లతో పది పన్నెండు గంటలని నేను వేసుకుంటాను. హాలివల్ చేరేసరికి ఎంత పొద్దెక్కిందో మీరు రాయలేదు. గైడ్ మాత్రం గడియారం చూసే ఉంటాడు.

వాన పడకముందే ఎందుకు ఆపాడన్నదే మీ అసలు కష్టం కదా. ఆస్కివల్ దాటాక గట్టు దిగడానికి బేలఖ్ అన్ ఓయిర్ అనే కనుమ వస్తుంది. అక్కణ్నుంచి మీ గుడారాల చోటికి, అంటే డిబిడిల్ లోయకు దిగుతారు. డిబిడిల్ నుంచి కిన్‌లాక్‌కు కాలిబాట ఎనిమిదిన్నర కిలోమీటర్లు, ఆ బాటను అడ్డంగా కోస్తూ కొండ మీంచి వాగులు సముద్రంలోకి దూకుతాయి. వంతెనలుంటాయని నమ్ముకుని నడిచే దారి కాదది. అట్లాంటిక్ మీంచి వచ్చే మేఘం మొదట ఆగేది ఈ కొండల మీదే. పైన కురిసిన వాన కింది వాగులోకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆస్కివల్ దగ్గర నిలబడి మీ గైడ్ చూసింది ఆ రాతిగట్టును మాత్రమే అనుకోకండి. మర్నాటి వాగు కూడా అతని కళ్ల ముందుంది. మూడో రోజు అది పొంగిందని మీరే రాశారు. రెండో రోజు అనుకున్నట్టే ముందుకు పోయి ఉంటే మీరు ఆ వాగుకు అవతలి పక్క ఉండేవాళ్లు.

నేను గైడ్ కాకముందు, మొదటిసారి రమ్ వెళ్లింది ఇంకొకరి వెనకాలే. డిబిడిల్‌లో బోథీ ఉంది. బోథీ అంటే తాళం లేని రాతి ఇల్లు. అద్దె ఉండదు, ముందుగా రాయించుకోవడం ఉండదు, ఎవరైనా తలదాచుకోవచ్చు. మౌంటెన్ బోథీస్ అసోసియేషన్ అనే స్వచ్ఛంద సంఘం 1965 నుంచి ఇలాంటి ఇళ్లను నిలబెడుతోంది. రాత్రంతా దాని కప్పు మీద వాన విన్నాం. పొద్దున్నే తిరుగు ప్రయాణం, మధ్యాహ్నం ఓడ. వచ్చేటప్పుడు రాయి మీద నుంచి రాయి మీదకు గెంతి దాటిన వాగు, తిరిగి వచ్చేసరికి టీ రంగు నీళ్లతో, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడుతో ఉంది. మా గైడ్ ఆమె ఏమీ మాట్లాడలేదు. నీటి అంచున ఒక తెల్లటి రాయి పెట్టింది. దాని పక్కన కూర్చుని మూటలోంచి స్టవ్ తీసింది. పావుగంటలో రాయి మునిగిపోయింది.

నాకు చాలా కోపం వచ్చింది. వాగు వెడల్పు అయిదారు అడుగులు, నీళ్లు తొడల దాకా ఉంటాయేమో, చేతులు పట్టుకుని దాటేద్దామని వాదించాను. ఆమె చేతికర్ర ఇచ్చి, ఒడ్డునే నిలబడి నీళ్లలో పెట్టి చూడమంది. పెట్టాను. కర్ర నా చేతిలోంచి లాగేసినట్టు పక్కకు పోయింది. మోకాలు దాటి, దిగువన బండలున్న నీటిలో కాలు పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మధ్యాహ్నం వాన ఆగింది. సాయంత్రం నాలుగింటికి తెల్లరాయి మళ్లీ బయటపడింది. పొట్టి, నిటారు వాగులు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగా తగ్గుతాయి. అందుకే వాటి దగ్గర చేయాల్సిన పని కూర్చోవడమే. మేం దాటేటప్పుడు మూట నడుంపట్టీ, ఛాతీపట్టీ విప్పించింది, జారితే మూటను వదిలించుకోవడానికి. నీళ్లు అప్పటికి చీలమండ దాకానే ఉన్నాయి. అయినా విప్పించింది.

ఓడ వెళ్లిపోయింది. తర్వాతి ఓడకు రెండు రోజులు ఆగాం. ఆ రెండు రోజుల్లోనే నేను ఈ పని నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఇప్పుడు మీ గైడ్ లోటు సంగతి. వెనక్కి తిప్పడం తప్పు కాదు. ఎందుకు తిప్పుతున్నాడో మీకు చెప్పకపోవడం తప్పు. మొదటి రోజు రాత్రే మ్యాప్ పరిచి, రేపు ఫలానా వేళకు హాలివల్ చేరకపోతే వెనక్కి వద్దాం, గాలి ఇంత దాటితే గట్టు ఎక్కం, అప్పుడు ఫలానా లోయలో నడుద్దాం అని చెప్పి ఉంటే, ఆ గట్టు మొదట్లో మీరు మోసపోయినట్టు నిలబడేవాళ్లు కాదు. బదులు దారి చూపించకుండా రెండు రోజులు ఊళ్లో కూర్చోబెట్టి ఉంటే దాని గురించి ఆ సంస్థకు మర్యాదగా రాయండి. అది అడగదగిన మాటే.

మళ్లీ గైడ్‌ను పెట్టుకునేటప్పుడు అర్హత ఏమిటని అడగండి. బ్రిటన్‌లో వేసవి కొండలకు మౌంటెన్ లీడర్ అర్హత ఉంటుంది. దాని తుది పరీక్షకు రావాలంటే నాణ్యమైన కొండ రోజులు కనీసం నలభై చూపించాలి. అయితే ఆ అర్హతలో, తాడు వాడాల్సి వస్తుందని ముందే తెలిసిన దారుల్లో మనుషుల్ని తీసుకెళ్లడం లేదు. డిబిడిల్ బాట, గుర్డిల్ లోయ, హారిస్ దారి వీటికి మౌంటెన్ లీడర్ చాలు. పినకిల్ సూటిగా ఎక్కాలనుంటే అంతకు పై అర్హత, మౌంటెనీరింగ్ అండ్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నవారిని వెతుక్కోవాలి. మీ గైడ్‌కు ఏది ఉందో కనుక్కోండి. మొదటిదే అయితే అతను తన హద్దు తెలిసి ఆగాడు. అలాంటప్పుడు తప్పంతా, అతని హద్దు తెలిసి కూడా వరస మొత్తం అని మీకు అమ్మినవారిది.

ప్రశ్న: ఎడిన్‌బరాలో పనిచేస్తున్నాను. జూలైలో మా అమ్మ వస్తోంది. యాభై ఎనిమిదేళ్లు, రోజూ గంట నడుస్తుంది. ఒక్క రాత్రయినా కొండల్లో గుడారంలో పడుకోవాలని ఆమె కోరిక. రమ్‌కు తీసుకురావచ్చా?

జవాబు: తప్పకుండా తీసుకురండి. కానీ వీలుంటే జూలై వద్దు, మేలో రమ్మనండి. మిడ్జ్ అనే నుసిపురుగు గురించి ఎవరూ సరిగా చెప్పరు. కంటికి కనపడీ కనపడనంత ఉంటుంది. గాలి లేని, చెమ్మగా ఉన్న సాయంత్రం వేలకొద్దీ మీద పడుతుంది. ముఖం, చెవులు, జుట్టు మొదళ్లు, దేన్నీ వదలదు. ఒకప్పుడు ఈ దీవి యజమాని బులక్, తన కోట కట్టే పనివాళ్లకు పొగతాగడానికి రోజుకు రెండు పెన్నీలు అదనంగా ఇచ్చేవాడని చెబుతారు, ఆ పొగకైనా ఇవి తొలగుతాయని. కొంచెం గాలి వీచినా మిడ్జ్ ఎగరలేదు. అందుకని గుడారం లోయ అడుగున కాకుండా గాలి తగిలే మిట్ట మీద వేయండి. జూలైకే రావాలంటే తలకు వల తప్పనిసరి. అమ్మగారికి ఒకటి, మీకు ఒకటి, పోతే ఉంటుందని ఇంకొకటి.

శిఖరాల జోలికి పోకుండా కిన్‌లాక్ నుంచి హారిస్ తీరానికి నడవండి. జీపులు పోయే మట్టిబాట, ఒకవైపు సుమారు 12 కిలోమీటర్లు. ఆమె మోసేది ఆరేడు కిలోలు దాటనివ్వకండి. మిగతాది మీరూ గైడూ పంచుకోండి. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. ఉన్ని లోచొక్కా, పైన వాన ఆపే కోటు. కింద పరుచుకునే చాప మీద మాత్రం పొదుపు చేయొద్దు. ఈ వయసులో రాత్రి నిద్ర పట్టకపోవడానికి చలికన్నా నేల ఎక్కువ కారణం. కొత్త బూట్లు ఓడలో తొలిసారి తొడిగించకండి. నెల ముందు కొని, రోజూ నడిచే ఆ గంట వాటితోనే నడవమనండి.

హారిస్‌లో ఒక మాట. సముద్రపు ఒడ్డున గ్రీకు గుడిలాంటి సమాధి ఉంటుంది, బులక్ కుటుంబానిది. అందరూ దాన్నే ఫొటో తీస్తారు. దాని చుట్టుపక్కల గడ్డిలో మొండిగోడలు కనిపిస్తాయి, నేలలో వరసగా ఉబ్బెత్తు గీతలు కనిపిస్తాయి. అవి ఇళ్లు, ఆ గీతలు వాళ్లు పండించుకున్న మళ్లు. 1826లో దాదాపు మూడొందల మందిని గొర్రెల మేత కోసం ఇక్కణ్నుంచి ఓడలెక్కించి కెనడాకు పంపేశారు. ఆ గోడల మధ్య గాలి తగలదు, చదునుగా ఉంటుంది, గుడారానికి అంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. అక్కడ వేయకండి. పాత కట్టడాలకు దూరంగా ఉండమని నియమం కూడా ఉంది. నియమం లేకపోయినా నేను వేయను. ఎవరి వంటింట్లోనో పడుకున్నట్టుంటుంది.

పడుకునేముందు పిడుదులు చూసుకోండి. రమ్ నిండా ఎర్రజింకలు, వాటి వెంట పిడుదులు. మోకాలి వెనక, నడుము పట్టీ కింద, చంకల్లో చూడాలి. చిన్న ప్లాస్టిక్ కొక్కెం అమ్ముతారు, దానితో తలతో సహా తీయాలి. నూనె, నిప్పు పెట్టకూడదు. తర్వాతి వారాల్లో ఎర్రటి మచ్చ గుండ్రంగా పెద్దదవుతూ ఉంటే లైమ్ వ్యాధి కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. అమ్మగారు ఆలోగా తిరిగి వెళ్లిపోతే, అక్కడి డాక్టరుకు స్కాట్లాండ్ కొండల్లో తిరిగినట్టు చెప్పమనండి.

ప్రశ్న: ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చని రాశారు. ఇంగ్లండ్‌లో మమ్మల్ని ఒకసారి లేపి పంపేశారు. స్కాట్లాండ్‌లో నిజంగా ఎవరినీ అడగక్కర్లేదా?

జవాబు: స్కాట్లాండ్‌లో 2003 భూసంస్కరణల చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లో అలాంటి హక్కు సాధారణంగా లేదు, డార్ట్‌మూర్ ఒక్కటే మినహాయింపు. అక్కడి హక్కును 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు నిలబెట్టింది. స్కాట్లాండ్‌లో కూడా లోమండ్ సరస్సు చుట్టుపక్కల కొన్ని చోట్ల మార్చి నుంచి సెప్టెంబరు దాకా అనుమతి కావాలి. రమ్‌లో అక్కర్లేదు.

హక్కుకు హద్దులున్నాయి. తక్కువమంది, తేలిక గుడారం, ఒకే చోట రెండు మూడు రాత్రులకు మించకూడదు. మలవిసర్జనకు వాగు నుంచి, చెరువు నుంచి కనీసం 30 మీటర్ల దూరం పోయి చిన్న గుంత తీసి పూడ్చాలి. కాగితం కూడా సంచిలో వెనక్కి తెచ్చుకోమని నా వెంట వచ్చేవాళ్లకు చెబుతాను. నెగడు వేయొద్దు. అక్కడి నేల పీట్, అంటే వేల ఏళ్ల మొక్కలు కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నేల. పైన నిప్పు ఆర్పినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. వంటకు గ్యాస్ స్టవ్ చాలు.

ఇది అడగలేదు కానీ చెబుతున్నాను. బయల్దేరేముందు ఫోన్ నుంచి బ్రిటన్ అత్యవసర నంబరు 999కి రిజిస్టర్ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపి, వచ్చిన జవాబు ప్రకారం నమోదు పూర్తి చేయండి. మాట్లాడేంత సిగ్నల్ లేని చోట మెసేజ్ వెళ్లే అవకాశం ఉంటుంది. అదీ లేకపోతే ఈల: నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. ఈల అందరి మెడలోనూ ఉండాలి. గైడ్ మెడలో ఒక్కటే ఉంటే, పడిపోయింది గైడే అయినప్పుడు ఎవరు ఊదుతారు?

ప్రశ్న: మీరు రాసింది చదివి మా పాప అడుగుతోంది. హాలివల్ కింద రాత్రి అరిచినవి నిజంగా పక్షులేనా?

జవాబు: పక్షులే తల్లీ. వాటి పేరు మాంక్స్ షియర్‌వాటర్. పావురం కన్నా కొంచెం పెద్దవి, పైన నలుపు, కింద తెలుపు. బతుకంతా సముద్రం మీదే. గుడ్డు పెట్టడానికి మాత్రం నేల మీదకు వస్తాయి, రమ్‌లో అయితే ఏకంగా కొండల పైభాగానికి. ప్రపంచంలోని అతిపెద్ద స్థావరాల్లో ఇదొకటి. నేలలో బొరియ తవ్వి, ఏడాదికి ఒక్కటే గుడ్డు. అమ్మా నాన్నా వంతులవారీగా యాభై రోజులు పొదుగుతాయి. ఒకటి లోపల కూర్చుంటే ఇంకొకటి సముద్రం మీద మేతకు వెళ్తుంది.

కాళ్లు బాగా వెనక్కి ఉండడం వల్ల అవి నేల మీద సరిగా నడవలేవు, పొట్ట మీద పాకుతాయి. వెలుతురులో దిగితే గద్దలూ గల్ పక్షులూ పట్టేస్తాయి. అందుకని బాగా చీకటి పడేదాకా ఆగుతాయి. జూన్‌లో అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురే, అంచేత అవి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. అప్పుడు ఒక్కసారిగా వస్తాయి. పైనుంచి వచ్చేది పిలుస్తుంది, బొరియలోంచి జత బదులిస్తుంది. ఉక్కిరిబిక్కిరై ఏడుస్తున్న పసిపిల్లలు కొండనిండా ఉన్నట్టు వినిపిస్తుంది. పక్క శిఖరం పేరు ట్రోలవల్. వైకింగులు ఈ అరుపులు విని, కొండలో ట్రోల్‌లనే భూతాలున్నాయనుకుని ఆ పేరు పెట్టారని చెబుతారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ గుడారంలో లేచి కూర్చున్నాను. మా గైడ్ దీపం ఆర్పేసి, బయటికి వచ్చి పడుకోమంది. ముఖం మీంచి రెక్కల గాలి తగిలేంత కిందగా పోయాయి.

మీ పాపను తీసుకెళ్తే రెండు జాగ్రత్తలు. ఆ ఎత్తులో, చుట్టూ రాయి ఉండగా ఒకచోట గడ్డి మరీ పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది. ఆ పచ్చదనం పక్షుల రెట్ట వల్ల వచ్చింది, దాని కింద అంతా బొరియలే. కాలు పెడితే కప్పు కూలుతుంది, లోపల గుడ్డో పిల్లో ఉంటుంది. రాళ్ల మీదుగానే నడవండి, గుడారం బాగా కిందికి వేయండి. చీకటి పడ్డాక తలదీపం వెలిగించకండి, వెలుగుకు అవి కళ్లు చెదిరి నేలకు కొట్టుకుంటాయి. సెప్టెంబరు రాకముందే వెళ్లండి. ఆ నెలలో పిల్లలు కూడా బొరియలు వదిలి, తోడుగా పెద్దవి లేకుండానే, దక్షిణ అమెరికా తీరానికి ఎగిరిపోతాయి.